అంపైరు కన్ను ఎంతవరకు చూడగలదు?

కిందటి సంవత్సరం మా బడిలో తొమ్మిదో తరగతికీ పదో తరగతికీ క్రికెట్ పోటీ జరిగింది. అంపైరుగా నన్ను నిలబెట్టారు. తొమ్మిదో తరగతి కుర్రాడు ఒకడు చక్కగా ఆడుతున్నాడు. ఇంతలో బంతి వచ్చి అతని ప్యాడ్‌కు తగిలింది. ఫీల్డర్లంతా ఒక్కపెట్టున అరిచారు. నేను వేలు ఎత్తాను. ఎల్.బి.డబ్ల్యు.! అతడు మారు మాట్లాడకుండా బ్యాటు చంకన పెట్టుకొని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆ జట్టు ఓడిపోయింది.

సాయంత్రం ఎవరో సెల్‌ఫోన్‌లో తీసిన వీడియో చూశాను. బంతి లెగ్ స్టంపుకు జానెడు అవతలగా పోతున్నట్టు స్పష్టంగా కనిపించింది. మర్నాడు తరగతిలో ఆ కుర్రాడే లేచి అడిగాడు: "మాస్టారూ! మీరు కళ్ళార్పకుండా చూస్తూనే ఉన్నారు కదా, మరి ఎలా పొరపడ్డారు?"

అడిగిన తీరులో కోపం లేదు. నాకే వెంటనే సమాధానం తోచలేదు. అప్పటినుంచి ఈ విషయం గురించి చదువుతూ వచ్చాను. చదివేకొద్దీ నా దృష్టి క్రికెట్ నుంచి అమెరికావారి బేస్‌బాల్ మీదికి మళ్ళింది. ఎందుకంటే, అంపైరు కన్ను ఎంత నిక్కచ్చిగా చూడగలదో అక్కడ లక్షలాది బంతుల మీద కొలిచి చూశారు.

స్ట్రైకా? బాలా?

బేస్‌బాల్‌లో బంతి విసిరేవాణ్ణి పిచర్ అంటారు. బ్యాటు పట్టుకున్నవాడి పక్కన నేలమీద అయిదు భుజాల తెల్లని పలక ఒకటి ఉంటుంది. దాని పేరు హోమ్ ప్లేటు. వెడల్పు 17 అంగుళాలు, అంటే సుమారు 43 సెంటీమీటర్లు. పిచర్ నిలబడే చోటినుంచి హోమ్ ప్లేటుకు దూరం 60 అడుగుల 6 అంగుళాలు (18.44 మీటర్లు).

ఈ ప్లేటు మీద గాలిలో ఒక పెట్టె నిలబడి ఉన్నట్టు ఊహించుకోండి. దాని అడుగు బ్యాటర్ మోకాలిచిప్ప కింది గుంట దగ్గర ఉంటుంది. దాని పైకప్పు, భుజాలకూ నడుముకూ సరిగ్గా మధ్యలో ఉంటుంది. ఈ కనిపించని పెట్టే స్ట్రైక్ జోన్. బ్యాటర్ ఆడకుండా వదిలేసిన బంతి ఈ పెట్టెను ఏ మూలనైనా తాకుతూ పోతే అది 'స్ట్రైక్'. తాకకుండా పోతే దాన్ని 'బాల్' అంటారు. మూడు స్ట్రైకులైతే బ్యాటర్ అవుట్. నాలుగు బాల్స్ అయితే అతడు హాయిగా మొదటి బేస్‌కు నడిచి వెళ్ళవచ్చు.

ఈ పెట్టె కొలత అందరికీ ఒకటి కాదు. పొడుగువారికి పెద్దది, పొట్టివారికి చిన్నది. 1951 ఆగస్టు 19న సెయింట్ లూయిస్ బ్రౌన్స్ జట్టు ఎడ్డీ గేడెల్ అనే 3 అడుగుల 7 అంగుళాల మనిషిని బ్యాటింగుకు పంపింది. అతని స్ట్రైక్ జోన్ ఎంత చిన్నదో చూడండి! పిచర్ వేసిన నాలుగు బంతులూ దానికి పైనుంచే పోయాయి. గేడెల్ బ్యాటు ఆడించకుండానే మొదటి బేస్‌కు చేరుకున్నాడు.

ఒక మ్యాచ్‌లో రెండు జట్లూ కలిసి దాదాపు 300 బంతులు వేస్తాయి. వాటిలో సగం వరకు బ్యాటర్ ఆడకుండా వదిలేసేవే. వాటన్నిటికీ అంపైరే తీర్పు చెప్పాలి. క్యాచర్ వెనక కాస్త వంగి నిలబడి, గాలిలో గీతలే లేని పెట్టెను బంతి తాకిందో లేదో ఆయన చెప్పాలి.

రెప్పపాటులో పదో వంతు

ఇప్పుడొక చిన్న లెక్క చేద్దాం. పిచర్ ఒక అడుగు ముందుకు చాచి విసురుతాడు కాబట్టి, బంతి నిజంగా ప్రయాణించే దూరం సుమారు 16.8 మీటర్లు. సగటు వేగం సెకనుకు 40 మీటర్లు (గంటకు 144 కిలోమీటర్లు) అనుకుందాం.

కాలం = దూరం ÷ వేగం = 16.8 ÷ 40 = 0.42 సెకను.

అంటే అరసెకను కూడా లేదు. గాలి అడ్డగించడం వల్ల ప్లేటు దగ్గరికి వచ్చేసరికి వేగం సుమారు 38 మీటర్లకు తగ్గుతుంది. ప్లేటు పొడవు కూడా 43 సెంటీమీటర్లే. దాన్ని దాటడానికి పట్టే కాలం 0.43 ÷ 38, అంటే సుమారు 0.011 సెకను. ఎంత త్వరగా రెప్ప వేసినా సెకనులో పదో వంతు పడుతుంది. బంతి స్ట్రైక్ జోన్‌లో ఉండే సమయం ఆ రెప్పపాటులో దాదాపు పదో వంతు!

పైగా బంతి తిన్నగా రాదు. గురుత్వాకర్షణ దాన్ని కిందికి లాగుతూనే ఉంటుంది. మీరు చదువుకున్న సూత్రం గుర్తుందా? s = ½gt². t విలువ 0.4 సెకను అనుకుంటే, బంతి దిగే ఎత్తు ½ × 9.8 × 0.16 = 0.784 మీటరు, అంటే 78.4 సెంటీమీటర్లు. కాని ప్రయాణంలో మొదటి సగంలో (0.2 సెకను) దిగేది 19.6 సెంటీమీటర్లు మాత్రమే. మిగిలిన 58.8 సెంటీమీటర్లూ రెండో సగంలోనే దిగుతుంది. మొదట నిదానంగా వస్తున్నట్టు కనిపించిన బంతి చివరిలో ఒక్కసారి కిందికి జారినట్టు అనిపించడానికి ఇదే కారణం.

దీనికి తోడు పిచర్ బంతిని గిర్రున తిప్పి విసురుతాడు. తిరిగే బంతి గాలిని ఒక పక్కకు నెడుతుంది, గాలి బంతిని రెండో పక్కకు నెడుతుంది. దీన్ని మాగ్నస్ ప్రభావం అంటారు. మన స్పిన్ బౌలర్ల బంతి ఎక్కువగా నేలను తాకిన తర్వాత తిరుగుతుంది. బేస్‌బాల్‌లో నేలను తాకకుండానే, గాలిలోనే వంపు తిరుగుతుంది.

కన్ను వెంబడించలేని వేగం

రైలు దూరంనుంచి వస్తుంటే మెల్లగా వస్తున్నట్టుంటుంది. అదే రైలు ఆగకుండా ప్లాట్‌ఫారం పక్కనుంచి దూసుకుపోతుంటే పెట్టెమీది అంకెలు చదవలేం. రైలు వేగం మారలేదు. మన కన్ను తిరగవలసిన వేగం మారింది. దీన్నే కోణీయ వేగం అంటారు.

కదిలే వస్తువును మన కన్ను సాఫీగా వెంబడించగలిగేది సుమారు సెకనుకు 100 డిగ్రీల వరకే. ప్లేటు అంపైరు కంటికి 2 మీటర్ల ముందుందనీ, బంతి ఆయన కంటికి 60 సెంటీమీటర్ల దిగువన పోతోందనీ అనుకుందాం. లెక్క కడితే ఆయన కన్ను తిరగవలసిన వేగం సెకనుకు 300 డిగ్రీలు దాటుతుంది! అంటే సరిగ్గా తీర్పు చెప్పవలసిన చోట బంతి కంటి పట్టునుంచి జారిపోతుంది.

ఇది అంపైర్ల కష్టమే కాదు. టెర్రీ బాహిల్, టామ్ లారిట్జ్ అనే పరిశోధకులు 1984లో ఒక వ్యాసం ప్రచురించారు. దారానికి కట్టిన ప్లాస్టిక్ బంతిని మోటారుతో లాగి, దాన్ని చూసే ఆటగాళ్ళ కంటి కదలికలను వారు కొలిచారు. చేయి తిరిగిన ఆటగాడు కూడా, ప్లేటుకు సుమారు అయిదున్నర అడుగుల ముందువరకే బంతిని వెంబడించగలిగాడు. ఆ తర్వాతి భాగం మెదడు అంచనా కట్టుకున్నదే.

చివరికి అంపైరుకు స్పష్టంగా కనిపించేది క్యాచర్ గ్లవ్‌లో పడ్డ బంతి. కాని అది ప్లేటుకు వెనక ఉంది. పై లెక్క ప్రకారం బంతి ప్లేటు దాటి ఒక మీటరు పోయేసరికి మరో 10 సెంటీమీటర్లు దిగుతుంది. గ్లవ్‌ను చూసి తీర్పు చెబితే, మోకాలి ఎత్తులో పోయిన మంచి స్ట్రైక్ కూడా బాల్ అయిపోతుంది. నేర్పుగల క్యాచర్ బంతిని పట్టుకుంటూనే గ్లవ్‌ను కొద్దిగా జోన్ వైపు జరిపి, బాల్‌ను స్ట్రైక్‌లా చూపించగలడు కూడా.

మనసు చేసే మాయ

కంటి పొరపాట్లు ఒకసారి ఇటు, ఒకసారి అటు జరుగుతాయి. వీటిని యాదృచ్ఛిక దోషాలు అంటారు. ఒక పళ్ళెం బరువెక్కువగా ఉన్న త్రాసు మాత్రం ప్రతిసారీ ఒకే వైపు తప్పు చూపిస్తుంది. దాన్ని క్రమదోషం అంటారు. అంపైర్ల తీర్పుల్లో ఈ రెండో రకం కూడా బయటపడింది.

బ్యాటర్‌కు రెండు స్ట్రైకులై, ఒక్క బాల్ కూడా రాలేదనుకోండి. ఇంకొక స్ట్రైక్ అంటే అతడు అవుట్. అప్పుడు అంపైర్ల మనసులోని పెట్టె కొంచెం కుంచించుకుపోతుంది. మూడు బాల్స్ అయి, స్ట్రైక్ ఒక్కటీ లేనప్పుడు అది కొంచెం వెడల్పవుతుంది. తమకు తెలియకుండానే వెనకబడ్డవాడివైపు మొగ్గుతారన్నమాట.

2016లో డేనియల్ చెన్, టోబియాస్ మాస్కోవిట్జ్, కెల్లీ షూ అనే ముగ్గురు మరో సంగతి ప్రకటించారు. ముందటి బంతిని స్ట్రైక్ అన్న అంపైరు, తర్వాతి బంతి అలాంటిదే అయినా, స్ట్రైక్ అనడానికి కొంచెం వెనకాడతాడు. నాణెం వరసగా బొమ్మ పడితే, ఈసారి బొరుసు పడాలి అనుకుంటాం చూడండి, అదే భ్రమ. వారు అంపైర్లనే కాకుండా, అమెరికాలో శరణార్థుల అర్జీలు విచారించే న్యాయాధికారులనూ, మన భారతదేశంలో రుణాల దరఖాస్తులు పరిశీలించే ఉద్యోగులనూ పరిశీలించారు. ముగ్గురిలోనూ ఇదే ధోరణి కనబడింది. ఆటలో అయితే ఒక స్ట్రైక్ పోతుంది. అక్కడ ఒక మనిషి బతుకే తారుమారు కావచ్చు.

కెమెరా కన్ను

అంపైర్ల పొరపాట్లు మనకెలా తెలిశాయి? 2008 నాటికి అమెరికా పెద్ద లీగు మైదానాలన్నిటిలో బంతి మార్గాన్ని కొలిచే కెమెరాలు అమర్చారు. 2020నుంచి హాక్-ఐ పద్ధతి వచ్చింది. 2001లో క్రికెట్ ప్రసారాల్లో మొదట కనిపించిన హాక్-ఐ ఇదే. మైదానం చుట్టూ 12 కెమెరాలు ఉంటాయి. రెండు కళ్ళతో మనం దూరాన్ని పోల్చుకున్నట్టే, వేర్వేరు కోణాల్లో తీసిన బొమ్మలనుంచి కంప్యూటరు బంతి ఉన్న చోటును లెక్కగడుతుంది.

బోస్టన్ విశ్వవిద్యాలయంలో జరిగిన ఒక పరిశీలన ప్రకారం, 2018 సీజన్‌లో స్ట్రైక్, బాల్ తీర్పుల్లో సుమారు 34,000 తప్పులు దొర్లాయి. అంటే మ్యాచ్‌కు సగటున 14. ఇటీవలి సంవత్సరాల్లో మాత్రం 100 తీర్పుల్లో సుమారు 92, 93 సరైనవి. తమ తీర్పులను కొలిచి చూపించడం మొదలైన తర్వాత అంపైర్లు ఏటేటా మెరుగయ్యారు. ఎక్కడ తప్పుతున్నామో తెలిస్తేనే కదా దిద్దుకోగలం!

అయితే పని అంతా యంత్రానికే అప్పగించవచ్చా? యంత్రం కొలవాలంటే ముందు మనం దానికి కచ్చితమైన నిర్వచనం చెప్పాలి. 'భుజాలకూ నడుముకూ మధ్య' అంటే దానికి సరిపోదు. అందుకని బ్యాటర్ ఎత్తులో 27 శాతం దగ్గర అడుగు హద్దు, 53.5 శాతం దగ్గర పై హద్దు పెట్టారు. నియమంలో పెట్టెగా ఉన్న జోన్‌ను, ప్లేటు నడిమధ్య నిలబెట్టిన ఒక చట్రంగా మార్చారు. దీంతో పెట్టె ముందు అంచును మాత్రమే తాకి కిందికి దిగిపోయే బంతి పాత నియమం ప్రకారం స్ట్రైక్, యంత్రం ప్రకారం బాల్. ఇక్కడ తప్పు ఎవరిది? ఎవరిదీ కాదు, కొలమానమే మారింది.

2025 సెప్టెంబరులో పెద్ద లీగు ఒక మధ్యేమార్గం ఎంచుకుంది. 2026 సీజన్‌నుంచి తీర్పు అంపైరే చెబుతాడు. బ్యాటర్, పిచర్, క్యాచర్‌లలో ఎవరికైనా సందేహం వస్తే వెంటనే తలమీది టోపీ తట్టి యంత్రాన్ని అడగవచ్చు. జట్టుకు రెండు అవకాశాలు. సవాలు నెగ్గితే ఆ అవకాశం మిగులుతుంది. 2025లో సన్నాహక మ్యాచ్‌లలో దీన్ని పరీక్షించారు. ఆటగాళ్ళు సవాలు చేసిన తీర్పుల్లో సగానికి కొంచెం పైగా మారాయి. అంటే, ఆటగాళ్ళు తప్పని అనుకున్న తీర్పుల్లో కూడా సగానికి దగ్గరగా అంపైరుదే సరి అయింది!

ఇప్పుడు ఆ కుర్రాడికి నేను చెప్పిన జవాబు మీకూ చెబుతాను. "బాబూ, బేస్‌బాల్ అంపైరు జరిగిపోయిందే చూసి చెప్పాలి. ఎల్.బి.డబ్ల్యు.లో, జరగనిదాన్ని కూడా ఊహించి చెప్పాలి. ప్యాడ్‌కు తగలకపోతే బంతి ఎటు పోయేదో నేను అంచనా వేశాను, తప్పాను. ఫీల్డర్ల అరుపుకు కూడా కొంత లొంగి ఉంటాను." ఈ మాట తరగతి అందరి ముందూ చెప్పాను. ప్రయోగశాలలో కొలత పక్కన దోషం ఎంతో రాయమని మీకు రోజూ చెప్పే మాస్టారు, తన తీర్పు పక్కన దోషం రాయకపోతే ఎలా?

చేసి చూడండి

రెండు కర్రలు పాతి, మోకాలి ఎత్తులో ఒకటి, ఛాతీ ఎత్తులో ఒకటి తాళ్ళు కట్టండి. ఇదే మీ చట్రం. ఒకరు మెత్తని రబ్బరు బంతిని పదిహేను అడుగుల దూరంనుంచి విసరాలి. చట్రం వెనక రెండు మీటర్ల దూరంలో, కొంచెం పక్కగా కూర్చున్నవారు లోపలా, బయటా అని చెప్పాలి. ఇంకొకరు పక్కనుంచి సెల్‌ఫోన్‌లో నిదాన చిత్రం తీయాలి. 50 బంతుల తీర్పులు రాసుకొని చిత్రంతో పోల్చండి. మీ తప్పులు రెండు వైపులా ఉన్నాయా? ఒకే వైపు ఎక్కువగా ఉన్నాయా? మిత్రులు పక్కన అరుస్తుంటే తప్పులు పెరిగాయా?

ఆలోచించండి

1. పెద్ద లీగులో 30 జట్లు, ఒక్కొక్క జట్టుకు 162 మ్యాచ్‌లు. మొత్తం మ్యాచ్‌లు ఎన్ని? మ్యాచ్‌కు 14 తప్పుల చొప్పున లెక్కవేసి, పైన ఇచ్చిన 34,000తో సరిచూడండి.

2. ఆరన్ జడ్జ్ అనే ఆటగాడి ఎత్తు 201 సెంటీమీటర్లు. యంత్రం లెక్క ప్రకారం అతని స్ట్రైక్ జోన్ పై హద్దు నేలనుంచి ఎంత ఎత్తు? 109 సెంటీమీటర్ల ఎడ్డీ గేడెల్ అతని పక్కన నిలబడితే ఆ హద్దు గేడెల్‌కు ఎక్కడివరకు వస్తుంది?