మార్పునకు సమ్మతి

మాస్టొడాన్ అను సామాజిక మాధ్యమమును 2016లో జర్మనీయందు యూజెన్ రోచ్కో ప్రారంభించెను. ఇందలి సర్వర్లను వేర్వేరు వ్యక్తులును సంఘములును నడుపుదురు. కావున కొత్త వెర్షనును ఎప్పుడు అమర్చుకొనవలెనో ప్రతి నిర్వాహకుడును తానే నిర్ణయించుకొనును. సాఫ్ట్‌వేరు మూలము బహిరంగము గనుక, రుచింపనివారు దానిని సవరించి వేరుగా నడుపుకొనవచ్చును.

ఇతరుల మాటను ఉదహరించి వ్యాఖ్యానించు సౌకర్యము మొదట ఇందు లేకుండెను. అది పరిహాసమునకు, వేధింపునకు దారితీయునని కొందరు వలదనిరి. చర్చకు అవసరమని కొందరు పట్టుబట్టిరి. తుదకు 2025లో 4.5 వెర్షనుతో అది ప్రవేశించినది. అయితే తన మాటను ఎవరు ఉదహరింపవచ్చునో నిర్ణయించు హక్కును, పిమ్మట ఉపసంహరించుకొను హక్కును దానిని వ్రాసినవారికే ఇచ్చిరి. కోరినవారి వలన సౌకర్యము వచ్చినది. వలదన్నవారి వలన దానికి కట్టుబాటు కలిగినది. సభలో రెండు పక్షములను వినవలెననుట ఇందుకే.