ఓటమి తెలిసిన తరువాత – ద్యూత విచారణ

గత కార్తికమాసంలో స్వామి దర్శనానికి వచ్చిన ఒక గృహస్థు, దర్శనానంతరం మా ఇంటికి వచ్చాడు. వేదపాఠశాలలో నాతో కలిసి చదువుకున్న మిత్రుని కుమారుడు. బెంగళూరులో ఉద్యోగం. భార్యాపిల్లలను సత్రంలో ఉంచి ఒంటరిగా రావడం చూచి, ఏదో చెప్పుకోవలసినది ఉన్నదని గ్రహించాను. కాసేపు కుశలప్రశ్నలయిన తరువాత సంచిలోనుండి ఒక నోటుపుస్తకం తీసి నా ముందు పెట్టాడు.

"బాబాయిగారూ! ఇది ఆరేళ్ల లెక్క. పోకర్ అనే పేకాట ఆడుతున్నాను. ఆడిన ప్రతిరోజూ ఎంత పెట్టానో, ఎంత వచ్చిందో వ్రాశాను. మొత్తం మీద 7,40,000 రూపాయలు పోయాయి. ఇన్నాళ్లూ ఫోనులో ఆడేవాణ్ణి. 2025 ఆగస్టులో కేంద్రప్రభుత్వ చట్టం వచ్చాక అది మూతపడింది. ఇప్పుడు తెలిసినవారొకరు శనివారం రాత్రులు తమ ఇంట్లో ఆడిస్తున్నారు, నన్ను రమ్మంటున్నారు. వెళ్లనా, మాననా? మానమని ఒక్కమాటలో అనకండి. అది నాకూ తెలుసు. విచారించి చెప్పండి" అన్నాడు.

ఆ చివరి మాట నాకు నచ్చింది. విచారించి చెప్పమన్నవానికి విచారించియే చెప్పాలి. మీమాంసాశాస్త్రంలో ఒక అధికరణానికి విషయం, సంశయం, పూర్వపక్షం, ఉత్తరం, నిర్ణయం అని అయిదు అంగాలు. ఆనాడు మేమిద్దరం ఆ క్రమంలోనే మాట్లాడుకున్నాం. ఇట్టి సందేహం మరికొన్ని ఇళ్లలో కూడా ఉండవచ్చునని, పేరు చెప్పకుండా వ్రాయడానికి అతని అనుమతి తీసుకొని ఇక్కడ పొందుపరుస్తున్నాను.

విషయం

పణం లేని ఆట క్రీడ. పణం ఒడ్డి ఆడినది ద్యూతం. మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయంలో ప్రాణం లేని వస్తువులతో పందెమాడటం ద్యూతమనీ, ప్రాణులతో ఆడించటం సమాహ్వయమనీ విభాగం చేసింది. పేకముక్కలు మొదటి కోవలోనికి, కోడిపందేలు రెండవ కోవలోనికి వస్తాయి. అదే స్మృతి ఏడవ అధ్యాయంలో కామం వల్ల పుట్టే పది వ్యసనాలను లెక్కించి, వాటిలో మిక్కిలి కష్టమైన నాలుగింటిలో ద్యూతాన్ని చేర్చింది. కనుక విరామవేళ ఇంటిల్లిపాదీ కూర్చుండి ఆడుకునే పేకముక్కల గురించి ఈ విచారణ కాదు. ధనం ఒడ్డి, దీర్ఘకాలం ఓడి, ఇంకా ఆడదలచిన వాని గురించి మాత్రమే.

సంశయం

ఓటమి ఉన్నదా లేదా అన్నది సంశయం కాదు, పుస్తకం సాక్ష్యం చెబుతున్నది. ఓటమి తెలిసిన తరువాత కూడా ఆడటానికి యుక్తమైన కారణమేదైనా ఉన్నదా అన్నదే సంశయం.

పూర్వపక్షం

అతడు నాలుగు వాదాలు చెప్పాడు. వాటిని బలహీనపరచకుండా చెబుతాను. ప్రతిపక్షాన్ని నీరసంగా చెప్పి ఖండించటం పండితధర్మం కాదు.

మొదటిది: "ఇది కేవలం అదృష్టం కాదు, నైపుణ్యం. 1968లో మన ఆంధ్రప్రదేశ్ వ్యాజ్యంలోనే రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని సుప్రీంకోర్టు చెప్పింది. పోకర్‌లోనూ లెక్క ఉన్నది. యాభైరెండు ముక్కలలో అయిదేసి ముక్కల కూర్పులు 25,98,960. వాటిలో ఏది ఎంత అరుదో నేర్చుకున్నాను. నేర్చినకొద్దీ గెలుస్తాను."

రెండవది: "పోయినచోటే వెతుక్కోవాలని పెద్దలంటారు. పోయిన సొమ్ము మరెక్కడ దొరుకుతుంది?"

మూడవది: "నలమహారాజు కూడా ఓడినవాడే. అక్షవిద్య నేర్చి రాజ్యాన్ని తిరిగి గెలుచుకున్నాడు కదా!"

నాలుగవది: "దేవతలే ఆడారు. శివపార్వతుల అక్షక్రీడ ఉన్నది. తిరుమలలో హాథీరాం బావాజీతో స్వామి పాచికలాడినట్లు ఐతిహ్యం. గీత పదవ అధ్యాయంలో వంచకులలో ద్యూతాన్ని నేనే అని భగవానుడే చెప్పాడు."

ఉత్తరం

చివరిదానితో మొదలుపెడతాను. విభూతియోగంలో ఆ మాటకు ముందే, సర్వాన్నీ హరించే మృత్యువును కూడా తానేనని భగవానుడు చెప్పాడు. అందువల్ల మృత్యువును వెతుక్కుంటూ పోతామా? ప్రతి కోవలోనూ ప్రబలమైన దానిని చూపటం అక్కడి ఉద్దేశం, విధించటం కాదు. పైగా ద్యూతాన్ని ఏ గుంపులో చెప్పాడో చూడాలి. మోసగించే వాటి నడుమ చెప్పాడు. ఇక బావాజీతో ఆటలో భక్తుని ఇల్లు గుల్ల కాలేదు, స్వామి సాన్నిధ్యం లభించింది. భాగవతం ప్రథమస్కంధంలో పరీక్షిత్తు కలికి నివాసస్థానాలు చూపినప్పుడు మొట్టమొదట ద్యూతాన్నే చూపాడు. మన శనివారం రాత్రి పీటకు ఈ స్థానమే పోలిక గాని, తిరుమల ఐతిహ్యం కాదు.

మొదటి వాదానికి సమాధానం అతని పుస్తకంలోనే ఉన్నది. శాస్త్రంలో ఉభయతఃపాశరజ్జున్యాయమని ఒకటి ఉన్నది. ఎటు లాగినా బిగుసుకునే ఉచ్చు వంటిది. "నాయనా! ఈ ఆటను అదృష్టమంటావా, నైపుణ్యమంటావా? అదృష్టమైతే, రేపు గెలుస్తాననటానికి నీకు ఆధారం లేదు. నైపుణ్యమైతే, ఆరేళ్లు చాలినంత పరీక్ష. నాలుగు వారాలు ఓడినవాడు ముక్కలు కలిసిరాలేదని చెప్పవచ్చు. ఆరేళ్లు ఓడినవాడు అలా చెప్పలేడు. ఎదుటివారి నైపుణ్యం ఎక్కువని ఒప్పుకోవలసిందే. నువ్వు నేర్చుకుంటుంటే వారు ఊరకే కూర్చుండలేదు, వారూ నేర్చుకుంటున్నారు" అన్నాను.

అతడు తల వంచుకున్నాడు. "ఇంకొక సంగతి. ఆ ఇంటాయన ఎందుకు ఆడిస్తున్నాడు?" అని అడిగాను. ప్రతి ఆటలోనూ పోగైన సొమ్ములో నూటికి అయిదు ఆయన తీసుకుంటాడని చెప్పాడు. ఆశ్చర్యం! కౌటిల్యుడు అర్థశాస్త్రంలో ద్యూతాధ్యక్షుడు గెలిచిన ధనం నుండి తీసుకోవలసినదిగా చెప్పినది కూడా నూటికి అయిదే. వేల ఏళ్లకు కూడా ఆ లెక్క మారలేదు. పలక తీసి లెక్క వేశాను. నలుగురు తలకొక వెయ్యి తెచ్చారనుకుందాం. మొత్తం నాలుగువేలు. రాత్రి పొడుగునా ఆ నాలుగువేలు ఒక్కసారి మాత్రమే చేతులు మారినా ఇంటాయనకు 200 వెళతాయి. ఇరవై రాత్రులకు 4,000. అంటే మొదట నలుగురూ తెచ్చినంత సొమ్మూ ఆయన పెట్టెలో చేరింది. ఒక్కసారి కాక పదిసార్లు చేతులు మారితే రెండు రాత్రులు చాలు. నలుగురూ సమాన నిపుణులైనా సరే, కాలక్రమంలో నలుగురూ ఓడేవారే. గెలిచేవాడు ముక్కలు పట్టనివాడొక్కడే.

రెండవ వాదం సామెత. దాని అర్థం ఆలోచించాలి. ఉంగరం పడిపోతే పడినచోట వెతుకుతాం. ఎందుకంటే అది అక్కడే పడి ఉంటుంది. పందెంలో పోయిన సొమ్ము పీట మీద పడి లేదు, మరొకరి ఇంట ఖర్చయిపోయింది. అక్కడ నువ్వు వెతికేది నీ పాత సొమ్మును కాదు, నీ కొత్త సొమ్మును అక్కడ పెడుతున్నావు.

పోయినది తిరిగి వచ్చినా ఏమవుతుందో సభాపర్వం చూపింది. ధర్మరాజు రత్నాలు, సువర్ణం, రథాలు, గజాలు ఒడ్డి, క్రమంగా తమ్ములను, తనను, చివరకు ద్రౌపదిని ఒడ్డాడు. ఆపై ధృతరాష్ట్రుని వరాల వల్ల సర్వమూ తిరిగి వచ్చింది. ఇంద్రప్రస్థానికి బయలుదేరాడు కూడా. మళ్లీ పిలుపు వచ్చింది, మళ్లీ కూర్చున్నాడు. పన్నెండేళ్ల అరణ్యవాసం, ఒక ఏడు అజ్ఞాతవాసం ఆ రెండవ ఆటకు ఫలం. నష్టం పూడితే మానేస్తాననుకునేవారు ఈ అనుద్యూతఘట్టాన్ని శ్రద్ధగా చదవాలి. మా పెదనాన్నగారు పేకాటలో రెండెకరాల మాగాణి పోగొట్టుకున్నారు. ఒక సంక్రాంతికి దానిలో సగం వెల తిరిగి గెలిచారు. ఆ సొమ్ముతో ఆయన ఇంటికి రాలేదు. కనుమనాడు మళ్లీ కూర్చున్నారు. మా నాయనమ్మ ఆ తరువాత పండుగకు గుమ్మానికి తోరణం కట్టనివ్వలేదు. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు.

ఇక నలుని కథ. ఇది అతని పక్షాన ఉన్నట్లు కనిపిస్తుంది గాని, నిజానికి మన పక్షాన ఉన్నది. నలుడు పుష్కరునితో ఆడుతూ ఆడుతూ విద్య నేర్వలేదు. దమయంతి వారించినా వినక రాజ్యం పోగొట్టుకున్నాడు. ఆమె ముందుచూపుతో పిల్లలను వార్ష్ణేయునితో కుండినపురానికి పంపింది. నలుడు బాహుకుడై ఋతుపర్ణుని కొలువులో పని చేసి బ్రతికాడు. ఆ కాలమంతటిలో పాచిక పట్టలేదు. ఒకనాడు దారిలో తాండ్రచెట్టు ఆకులను, కాయలను ఋతుపర్ణుడు చూపుతోనే లెక్కకట్టాడు. బాహుకుడు నమ్మక రథం దిగి చెట్టును కూల్చి లెక్కించాడు. సరిపోయింది. అశ్వహృదయానికి మారుగా అక్షహృదయం పొందాడు. ఆ విద్య తెలియగానే కలి అతని దేహాన్ని విడిచి బయటికి వచ్చాడు. తరువాత పుష్కరునితో ఒకే పణంతో ఆడి గెలిచి, తమ్ముని భాగం తమ్మునికే ఇచ్చి, ఆట చాలించాడు.

"నాయనా! అక్షహృదయమంటే సంఖ్యాజ్ఞానం. ఊహ కాదు, చెట్టు దగ్గరకు వెళ్లి లెక్కపెట్టి చూచిన నిజం. నీ అక్షహృదయం ఈ నోటుపుస్తకమే. కలిని వెళ్లగొట్టే లెక్క నువ్వే వ్రాసిపెట్టుకున్నావు. దానిని చదవటమే మిగిలింది" అన్నాను.

చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా, "డబ్బు కోసం కాదు బాబాయిగారూ! ఆ ముక్కలు పంచుతున్నప్పుడు మిగతా బాధలేవీ గుర్తు రావు" అన్నాడు. నాలుగు వాదాల వెనుక దాగి ఉన్న అసలు వాదం ఇదే. దీనికి తర్కం చాలదు. ఋగ్వేదం పదవ మండలంలో ముప్పైనాలుగవది అక్షసూక్తం. దానిని కవషుడనే ఋషికి చెబుతారు. అందులో జూదరి తన కథ తానే చెప్పుకుంటాడు. అత్త ద్వేషిస్తుంది, భార్య దూరమవుతుంది, అప్పుల భయంతో రాత్రివేళ ఇతరుల ఇళ్లకు చేరుతాడు. ఇక ఆడనని నిశ్చయించుకుంటాడు. కాని పాచికలు దొర్లిన సవ్వడి చెవిన పడగానే కాళ్లు అటే నడుస్తాయి. ఆ పాచికలు చల్లనివే అయినా హృదయాన్ని కాలుస్తాయట. ఇంత స్పష్టంగా వ్యసనాన్ని చెప్పిన ఋషి, చివరకు సవితృదేవుని చేత చెప్పించిన మందు ఏమిటి? పొలం దున్నుకోవటం, ఉన్న సంపదనే ఘనంగా ఎంచుకోవటం. పశువులూ, ఇల్లాలూ అక్కడనే ఉన్నారని గుర్తు చేయటం. ఖాళీ అయిన మనసును ఖాళీగా ఉంచమనలేదు, పనితో నింపమన్నాడు.

నిర్ణయం

కనుక మానవలసినదే. ఎలా మానాలో కూడా ఆనాడు అనుకున్నాం.

ఒకటి, నష్టం పూడిన తరువాత కాదు, నష్టం ఉండగానే లేవాలి. 7,40,000 పోయిందని ఒప్పుకున్నవాడికి అంతే పోయింది. ఒప్పుకోనివాడికి ఎంత పోతుందో లెక్క లేదు.

రెండు, సంకల్పం పీట దగ్గర నిలవదని వేదమే చెప్పింది. కనుక "కూర్చున్నా కొంచెమే ఆడతాను" అనుకోక, ఆ వీధికే పోకూడదు. పిలిచేవారికి ఒక్కసారి స్పష్టంగా చెప్పాలి.

మూడు, శనివారం రాత్రికి వేరొక పని ముందే నిర్ణయించుకోవాలి. అతనికి చిన్ననాడు తండ్రి చెప్పిన పన్నం కొంత మిగిలి ఉన్నది. వారానికొక అనువాకం ఫోనులో నాకు అప్పజెప్పమన్నాను.

నాలుగు, పుస్తకం భార్యకు చూపాలి. దీనికి అతడు వెనుకాడాడు. "ఆమె నిన్ను నిందిస్తుంది, నిజమే. కాని దాచినంతకాలం నువ్వు ఒంటరివి. దమయంతికి తెలుసు గనుకనే పిల్లలు కుండినం చేరారు" అన్నాను.

అయిదు, ఇంత చేసినా మనసు లాగితే సిగ్గుపడక వైద్యుని సలహా తీసుకోవాలి. ప్రభుత్వం నడిపే టెలీమానస్ అనే మానసిక ఆరోగ్య సహాయకేంద్రానికి 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు. జ్వరానికి వైద్యుడు కావాలి, వ్యసనజ్వరానికీ అంతే.

భక్తులకు ఒక విన్నపం. గెలిస్తే హుండీలో వేస్తానని మొక్కుకొని పందెం ఆడేవారు ఉన్నారు. స్వామిని మన ఆటలో భాగస్వామిని చేయరాదు. ఆ రూపాయి ఎదుటి ఇంటి పిల్లల పాల డబ్బు కావచ్చు. తిరుమల కొండకు తలనీలాలు ఇస్తాం, కాశిలో ఇష్టమైన పండో, కూరగాయో విడుస్తాం. అలాగే ఈ వ్యసనాన్ని స్వామి సన్నిధిలో విడిచిపెట్టండి. దానికి రశీదు ఉండదు. కాని ఇంటివారు ఆ కానుకను ప్రతినెలా చూస్తారు.

ఆ సాయంకాలం అతడు పుస్తకం సంచిలో పెట్టుకొని సత్రానికి వెళ్లాడు. మరునాడు ఉదయం దర్శనపు వరుసలో దంపతులిద్దరూ కనిపించారు. అమ్మాయి కళ్లు ఎర్రగా ఉన్నాయి. నోటుపుస్తకం ఆమె చేతిలో ఉన్నది. నన్ను చూచి నమస్కరించింది, ఏమీ అనలేదు. శనివారాలు అనువాకం వినిపిస్తున్నది. స్వరం ఇంకా కుదరలేదు.

స్వస్తి.