నవ్వు ఆపుకోవద్దు

మనసారా నవ్వినప్పుడు ఊపిరితిత్తులలోని గాలి బాగా బయటకు పోయి కొత్త గాలి వస్తుంది. మెదడులో ఎండార్ఫిన్లు అనే రసాయనాలు విడుదలై నొప్పిని ఓర్చుకునే శక్తినిస్తాయి. 1964లో వెన్ను, కీళ్ల నొప్పులతో మంచం పట్టిన అమెరికా సంపాదకుడు నార్మన్ కజిన్స్, పది నిమిషాలు కడుపుబ్బ నవ్వితే రెండు గంటలు నొప్పి లేకుండా నిద్రపట్టేదని రాశారు. అది ఒక్కరి అనుభవమే. అది విని బి.పి., షుగరు మాత్రలు మానకండి!

పొట్ట ఆపరేషన్ అయినవారు కుట్లు లాగుతాయని భయపడతారు. దిండును పొట్టకు అదుముకుని నవ్వండి, దగ్గండి.

కాన్పులైన కొందరు తల్లులు నవ్వితే మూత్రం చుక్కలు పడతాయని నలుగురిలో నవ్వడమే మానేస్తారు. సిగ్గుతో ఇంట్లో కూడా చెప్పరు. మేము అడిగితే తల వంచుకుని, "కాన్పులయ్యాక ఇంతే కదమ్మా" అంటారు. కాదు, ఇది చాలామందికి నయమవుతుంది. మూత్రం ఆపుకోవడానికి బిగించే కండరాలను బిగించి, అయిదు లెక్కపెట్టి, నెమ్మదిగా వదలండి. ఊపిరి బిగబట్టకూడదు. మూత్రం పోసేటప్పుడు చేయకూడదు. పదేసి సార్లు, రోజుకు మూడు పూటలా చేయాలి. గుణం కనిపించడానికి మూడు నెలలైనా పడుతుంది. అప్పటికీ తగ్గకపోతే, లేక మూత్రంలో మంట, రక్తం ఉంటే వెంటనే, లేడీ డాక్టరుకు చూపించుకోండి.