ఆబోతుల్లో పునరుత్పత్తి సామర్థ్యం: హార్మోన్లు, సహజ పోషకాల పాత్ర

ఒక ఆవు చూడి కట్టకపోతే రైతు ఒక ఈతను నష్టపోతాడు. ఆబోతులో లోపముంటే దానితో దాటించిన ఆవులెన్నో తిరిగి పొర్లుతాయి. ఊరి మందంతటిలో ఈతల మధ్య వ్యవధి పెరుగుతుంది. అయినా ఆవులు పొర్లినప్పుడు సాధారణంగా ఆవునే పరీక్షిస్తారు తప్ప ఆబోతును అనుమానించరు. ఒకవేళ లోపం గుర్తించినా, వెంటనే ఇంజెక్షన్ వేయించాలనే తొందర కనిపిస్తుంది. ఈ తొందర మేలు కంటే కీడే ఎక్కువ చేయవచ్చు.

వీర్యోత్పత్తి జరిగే విధానం

మెదడులోని హైపోథలామస్ విడుదల చేసే జి.ఎన్.ఆర్.హెచ్. ప్రేరణతో పిట్యూటరీ గ్రంథి ఎల్.హెచ్., ఎఫ్.ఎస్.హెచ్. అనే హార్మోన్లను స్రవిస్తుంది. ఎల్.హెచ్. ప్రభావంతో వృషణాల్లోని లేడిగ్ కణాలు టెస్టోస్టిరాన్‌ను తయారు చేస్తాయి. ఎఫ్.ఎస్.హెచ్., టెస్టోస్టిరాన్ కలిసి సెర్టోలి కణాల ద్వారా శుక్రకణాల వృద్ధికి తోడ్పడతాయి. ఆబోతులో శుక్రకణం తయారుకావడానికి సుమారు 61 రోజులు, ఎపిడిడిమిస్‌లో పరిపక్వం చెందడానికి మరికొన్ని రోజులు పడుతుంది. అంటే నేటి వీర్యం రెండు నెలల క్రితపు మేతకు, ఎండకు, ఆరోగ్యానికి అద్దం పడుతుంది. కాబట్టి ఏ చికిత్స ఫలితమైనా రెండు నెలలు దాటితే గాని స్పష్టంగా తెలియదు.

హార్మోన్ల వాడకం

టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్‌తో వీర్యం వృద్ధి చెందుతుందనుకోవడం పొరపాటు. వృషణాల లోపల ఈ హార్మోన్ గాఢత రక్తంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉండాలి. బయటి నుంచి ఇచ్చినప్పుడు రక్తంలో దాని స్థాయి పెరిగి, మెదడు ఎల్.హెచ్. విడుదలను తగ్గిస్తుంది. ఫలితంగా వృషణాల సొంత ఉత్పత్తి పడిపోయి శుక్రకణాల సంఖ్య క్షీణిస్తుంది. ఆబోతులో దాటే ఉత్సాహం పెరిగినట్లు కనిపించవచ్చు గాని, వీర్యంలో సత్తువ తగ్గుతుంది. జి.ఎన్.ఆర్.హెచ్. ఇంజెక్షన్ కొన్ని గంటల్లోనే టెస్టోస్టిరాన్‌ను పెంచుతుంది. వృషణాల స్పందనను పరీక్షించడానికి, హార్మోన్ లోపం నిర్ధారణ అయినప్పుడు చికిత్సకు దీనిని పశువైద్యులు వాడతారు. చిన్నబారిపోయిన వృషణాలను ఇది బాగుచేయలేదు.

ఎండ, మేత, ఖనిజ లవణాలు

వృషణాలు శరీర ఉష్ణోగ్రత కంటే 2 నుంచి 6 డిగ్రీల సెల్సియస్ తక్కువలో ఉంటేనే సక్రమంగా పనిచేస్తాయి. మే నెల వడగాల్పుల దెబ్బ జూన్, జూలై నెలల్లోని వీర్యంలో కూడా కనిపిస్తుంది. నీడ, చల్లని తాగునీరు, మధ్యాహ్న వేళల్లో ఒంటిపై నీటి తుంపర్లు అవసరం.

శుక్రకణాల తయారీకి జింకు, వాటి పొరలు ఆక్సీకరణకు లోనుకాకుండా సెలీనియం, విటమిన్ ఇ, వీర్యోత్పత్తి కణాల ఆరోగ్యానికి విటమిన్ ఎ అవసరం. పచ్చిమేతతో పాటు రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం ఇస్తే వీటిలో చాలావరకు సమకూరుతాయి. సెలీనియం స్వల్ప మోతాదు మించితే విషమవుతుంది కనుక విడిగా ఇవ్వరాదు. పత్తి చెక్కలోని గాసిపాల్ శుక్రకణాల మధ్యభాగాన్ని దెబ్బతీస్తుంది. అందువల్ల ఆబోతులకు, ముఖ్యంగా ఎదిగే కోడెలకు, దానికి బదులు బూజు పట్టని వేరుశనగ చెక్క లేదా నువ్వుల చెక్క ఇవ్వడం మేలు.

మూలికలు

అశ్వగంధ, దూలగొండి గింజలు సంతానలేమి గల పురుషుల వీర్యాన్ని మెరుగుపరచినట్లు పరిశోధనలు తెలిపాయి. అయితే మనుషుల మోతాదును ఆబోతుకు అన్వయించరాదు. సహజమైనవన్నీ నిరపాయం కావు. సత్తువకు పేరుపొందిన పల్లేరును మేసిన గొర్రెల్లో దక్షిణాఫ్రికాలో కాలేయం దెబ్బతిని, ఎండ సోకిన ముఖం, చెవులు వాచే వ్యాధి వస్తుంది.

రైతులకు సూచనలు

- రెండు మూడు ఆవులు వరుసగా పొర్లితే ఆబోతును కూడా పరీక్షింపజేయాలి.
- వృషణాల కొలత, వీర్య పరీక్ష, బ్రూసెల్లోసిస్ పరీక్ష పూర్తయిన తర్వాతే చికిత్స మొదలుపెట్టాలి.
- మేత, నీడ, ఖనిజ లవణాలు సరిచేసి, 70 రోజుల తర్వాత మళ్లీ వీర్యాన్ని పరీక్షించాలి.
- అంతవరకు ఎదకు వచ్చిన ఆవులకు కృత్రిమ గర్భధారణ చేయించాలి.

ఈ క్రమాన్ని పాటిస్తే మంచి ఆబోతును తొందరపడి కబేళాకు పంపే అవసరం, ఏడాది ఈతలను కోల్పోయే ప్రమాదం చాలావరకు తప్పుతాయి.