గాలి పీల్చు, బిగబట్టు, వదులు

విశాఖపట్నం,
ఆదివారం.

బుల్లీ,

నీ ఉత్తరం అందింది. "రేడియాలజీలో చేరిపోతన్నానత్తా, సీటు ఖాయం" అని ఒక్క ముక్క రాసి, మిగతాదంతా మేకపిల్ల గురించి రాశావు. మేకపిల్ల బాగుంది, సంతోషం. కానీ కాశీబుగ్గ నుంచి వచ్చిన పెద్దొదిన చెప్పిన కబురు వేరేగా ఉంది. ఎవడో పెద్దమనిషి మోటారు సైకిలేసుకుని మీ ఇంటికి తిరుగుతున్నాడట. కాలేజీ ఎక్కడో పరాయి రాష్ట్రంలో ఉందట. క్లాసులకు పోనక్కర్లేదట, పరీక్షలప్పుడు మొహం చూపిస్తే చాలట, సర్టిఫికెట్టు ఇంటికొస్తుందట. దానికోసం మీ నాన్న తోట తాకట్టు పెడతానంటున్నాడట.

ఏ తోటే? తిత్లీ తుఫానుకి మిగిలిన తోటేనా? 2018 అక్టోబరు 11 పొద్దున్న ఆ జీడిచెట్లు వేళ్ళతో సహా ఎలా పడుకున్నాయో ఫోనులో చెప్పలేక చెప్పిన మీ నాన్న గొంతు నేనింకా మర్చిపోలేదు. ఆ తరవాత నాటిన మొక్కలు ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి. అడ్వాన్సు ఇవ్వకండి. ఇచ్చేసి ఉంటే రసీదు అడగండి. రసీదు ఇవ్వనంటే వాడెలాంటివాడో అక్కడే తెలిసిపోతుంది.

నీట్ పోయిందని నువ్వు అన్నం మానేశావని కూడా విన్నాను. ఓసి గుంటా, అన్నం మీదా నీ కోపం? డాక్టరు కాలేదని ఈ పనిలోకి రావాలనుకుంటే రాకు. ఇష్టపడి వస్తే మాత్రం నాకంటే సంతోషించేవాళ్ళు ఉండరు. మన ఇంట్లో ఎక్స్‌రే గదిలోకి పనిచెయ్యడానికి వెళ్ళినదాన్ని నేనొక్కదాన్నే. మిగతావాళ్ళంతా తీయించుకోడానికే వెళ్ళారు.

చేరే సంగతి ముందు చెప్తాను. మన రాష్ట్రంలో దీనికి రెండు దార్లున్నాయి. ఒకటి ఇంటర్ తరవాత రెండేళ్ళ డిప్లొమా. డీఎంఐటీ అంటారు, పారామెడికల్ బోర్డు చూసుకుంటుంది. బైపీసీ వాళ్ళకే ముందు అవకాశం. రెండోది డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద బీఎస్సీ. అది పెద్ద చదువు, ఇంటర్న్‌షిప్పు కూడా ఉంటుంది. ఏది చదివినా చివర బోర్డులో రిజిస్ట్రేషను కావాలి. అది లేకపోతే ప్రభుత్వ ఉద్యోగానికి నీ అప్లికేషను పక్కన పెట్టేస్తారు. ఆ మోటారు సైకిలాయన్ని ఈ ఒక్క ప్రశ్న అడుగు: "మీ కాలేజీ సర్టిఫికెట్టుకి మన బోర్డులో రిజిస్ట్రేషను చేస్తారని రాసిస్తారా?" అని. నోటిఫికేషను ఎవరో చెప్పగా వినకు, నీ కళ్ళతో నువ్వే చదువు. శ్రీకాకుళం ప్రభుత్వ వైద్య కళాశాలకీ, రాగోలు జెమ్స్‌కీ, ఇక్కడ విశాఖలో 1923 నాటి ఆంధ్రా మెడికల్ కాలేజీకీ స్వయంగా వెళ్ళి, ఏ కోర్సుకి అనుమతి ఉందో, ఎన్ని సీట్లో కనుక్కో. వెళ్ళినప్పుడు ఆఫీసు గుమాస్తాను పలకరించి తిరిగొచ్చెయ్యకు. ఎక్స్‌రే విభాగం ముందు బల్ల మీద కాసేపు కూర్చో. రోగుల వరస ఉందా? ట్రాలీ మీద విరిగిన కాలు వస్తోందా? వరస లేని చోట చదువూ ఉండదు.

ఆరు నెలల్లో స్కానింగు నేర్పిస్తామనేవాళ్ళు కూడా నీకు తగుల్తారు. ఆ మాట వింటే లేచొచ్చెయ్. అల్ట్రాసౌండు డాక్టర్లు చెయ్యాల్సిన పని. 1994లో వచ్చిన లింగ నిర్ధారణ నిషేధ చట్టం దాని మీద కాపలా ఉంది. మనం ఎక్స్‌రే, సీటీ, ఎమ్మారై చూసుకుంటే చాలు.

ఇంకో మాట రాశావు, "ఇక్కడ ఫిజిక్సు గోల ఉండదు" అని. చదివి నవ్వుకున్నాను. ఈ పనంతా ఫిజిక్సే తల్లీ! కేవీ పెంచితే కిరణం లోతుకు పోతుంది, ఎంఏఎస్ పెంచితే కిరణాలు ఎక్కువొస్తాయి. దూరం రెట్టింపు చేస్తే నీ మీద పడేది నాలుగో వంతే. ఛాతీకి ఆరడుగుల దూరం ఎందుకు పెడతాం? దగ్గరైతే గుండె ఉన్నదానికంటే పెద్దగా పడుతుంది కాబట్టి. మా రోజుల్లో లెక్క తప్పితే ఫిల్ము నల్లగా మాడిపోయి ఊరందరికీ తెలిసేది. ఇప్పటి డిజిటల్ మిషను ఎక్కువ కిరణాలు పడినా బొమ్మను సరిచేసి చూపిస్తుంది, పాపం రోగికే ఎక్కువ తగుల్తుంది. తప్పు కనపడని చోట ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచెయ్యాలి. సరే, ఫిజిక్సు మాస్టర్లు చెప్తారు. వాళ్ళు చెప్పనిది నేను చెప్తాను.

ఊపిరి.

నవ్వకు. ఛాతీ ఎక్స్‌రే అంటే తొంభై పాళ్ళు ఊపిరే. రోగి గాలి నిండా పీల్చి బిగబడితే ఊపిరితిత్తులు విచ్చుకుంటాయి. డయాఫ్రం కిందకి దిగి వెనక పక్కటెముకలు తొమ్మిదో పదో లెక్కకొస్తాయి. సగం పీల్చినప్పుడు బటను నొక్కావా, గుండె ఉబ్బినట్టు పడుతుంది, కింది భాగాలు మసకేస్తాయి. చూసిన డాక్టరు గుండెజబ్బనో నిమ్మనో అనుకుంటాడు. మంచి మనిషికి మందులు, ఇంట్లో ఏడుపులు. ఇదంతా నువ్వు ఒక మాట సరిగ్గా చెప్పకపోవడం వల్ల.

ఆ మాట ఎలా చెప్పాలో ఏ సిలబస్సులోనూ రాయరు. "డీప్ ఇన్‌స్పిరేషన్" అని చెప్తే మందస కొండల్నుంచి దిగొచ్చిన సవర ముసలమ్మకి ఏం తెలుస్తుంది? "గాలి పీల్చు" అంటే కొందరు ముక్కు ఎగబీల్చి ఊరుకుంటారు. మరికొందరు భుజాలు పైకి లేపుతారే గానీ గాలి లోపలికి పోదు. నేను నా సొంత ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, నిండా పీల్చి చూపించేదాన్ని. "ఇదిగో, ఇలగ... ఇంకా... ఇంకా... అలాగే పట్టు... వదిలెయ్." మాటకీ మాటకీ మధ్య ఎంత ఆగాలో కూడా లెక్కే. "పట్టు" అన్నాక ఆలస్యం చేస్తే ముసలాళ్ళు దగ్గేస్తారు. ఇచ్ఛాపురం, సోంపేట వైపు ఒడియావాళ్ళొస్తారు. ఆ మూడు ముక్కలూ ఒడియాలో నేర్చుకో. సవరలో కూడా ఎవరిచేతన్నా చెప్పించుకో. రాత్రి పడుకునే ముందు అద్దంలో చూసుకుంటూ గట్టిగా అనుకో. మీ అమ్మ పిచ్చిదనుకుంటే అనుకోనీ.

ఒకసారి నాతో చదివే అబ్బాయి భావనపాడు జాలరి తాతని స్టాండుకి నిలబెట్టి "పట్టు" అన్నాడు. అంతలో ఎవరో పిలిస్తే పక్కగదిలోకెళ్ళి కబుర్లలో పడ్డాడు. నేను ఆ గదిలోకొచ్చేసరికి తాత కళ్ళు ఎర్రబడి, బుగ్గలు పూరించుకుని అలాగే నిలబడున్నాడు. "వదులు తాతా!" అని అరిస్తే, వదిలి, తీరిగ్గా "ఇంకాసేపు పట్టమన్నా పడతానమ్మా, మేం నీళ్ళడుగున ఇంతకంటే ఎక్కువే పడతాం" అన్నాడు. ఆ తాత తరవాత కూడా నాకు ఎండుచేపలు పంపేవాడు. హాస్టలంతా కంపని మా గదివాళ్ళు తిట్టేవారు, వండితే మాత్రం ముందు కూర్చునేవారు. పలాస పాసింజరు దిగి పనసకాయ మోసుకెళ్ళిన రోజు కూడా అలాగే... ఎక్కడున్నాను? ఆ, ఊపిరి.

ఊపిరి తరవాత జడ. నూనె రాసిన దట్టమైన జడ భుజం మీద పడితే ఊపిరితిత్తి పైభాగంలో మచ్చలాగే కనిపిస్తుంది. అక్కడే కదా టీబీ కూర్చునేది! జడ ఎత్తి ముడేయించు. పుస్తెలతాడు తియ్యమంటే ఆడవాళ్ళు తియ్యరు. తియ్యమని అరవకు. పైకి లాగి గడ్డం దగ్గర పెట్టి పట్టుకోమను. రోగిని కసిరేవాళ్ళు ఎంత చదివినా నా లెక్కలో టెక్నీషియన్లు కారు.

మీ అమ్మ బెంగ కూడా నాకు చేరింది. ఎక్స్‌రేలో పనిచేస్తే పిల్లలు పుట్టరట, సంబంధాలు రావట. మీ అమ్మకి ఈ ముక్క చదివి వినిపించు. మన దేశంలో అణుశక్తి నియంత్రణ మండలి ఉంది, 1983లో పెట్టారు. ఈ పని చేసేవాళ్ళకి ఏడాదికి సగటున 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదైనా 30 దాటకూడదని వాళ్ళ నిబంధన. పద్ధతిగా గోడ వెనక నిలబడి పనిచేసే అమ్మాయికి అందులో చిన్న వంతు కూడా పడదు. ఛాతీ మీద, ఆప్రాను లోపల టీఎల్‌డీ బ్యాడ్జి పెట్టుకుంటావు. మూడు నెలలకోసారి అది ల్యాబుకి పోయి, నీ మీద ఎంత పడిందో లెక్క తేలొస్తుంది. గర్భం వస్తే వెంటనే పైవాళ్ళకి చెప్పు. అప్పట్నుంచి కడుపులో బిడ్డకి పడేది 1 మిల్లీసీవర్టు దాటకుండా పని మారుస్తారు. బ్యాడ్జిని బీరువాలో దాచే మహానుభావులుంటారు, వాళ్ళతో చేరకు. ఇక సంబంధాలంటావా, నెలజీతం తెచ్చుకునే పిల్లకి రాకపోతే ఎవరికొస్తాయట? నాకు మీ మావయ్య రాలేదూ! ఆయన పెళ్ళిచూపుల్లో మొదట అడిగింది "మీకు అవతలివాళ్ళ ఎముకలు కనిపిస్తాయా?" అనే.

ఇంక నేను రాయాలా వద్దా అనుకుంటున్నది ఒకటుంది. పలాసలో 2023 డిసెంబరు 14న కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, 200 పడకలు. నువ్వు చదువు ముగించి అలాంటి చోటే పనికెళ్తావని నా ఆశ. మన ఉద్దానం రోగులకి ఊపిరి సంగతి వేరుగా ఉంటుంది బుల్లీ. మూత్రపిండాలు పనిచెయ్యక ఒంట్లో నీరు చేరితే అది ఊపిరితిత్తుల్లోకి కూడా వస్తుంది. డయాలిసిస్ ఒక రోజు ఆలస్యమైన మనిషిని పడుకోబెడితే ఆయాసం, నిలబెడితే తూలు. ఆ మనిషిని "గట్టిగా పీల్చు, పట్టు" అనకూడదు. కూర్చోబెట్టి, వీపు వెనక దన్నుపెట్టి, చెయ్యి బటను మీద ఉంచి ఆయన ఊపిరినే చూస్తూ ఉండాలి. లోపలికి తీసుకున్న ఆ చిన్న క్షణంలో నొక్కాలి. అక్కడ ఆయన నీ మాట వినడు, నువ్వే ఆయన ఊపిరిని వినాలి. మీ తాతని నేనలాగే తీశాను. నీకు చెప్పలేదు, అప్పటికి నువ్వు చిన్నపిల్లవి.

సీటీకి రంగు మందు ఎక్కించేటప్పుడు కూడా మన వైపువాళ్ళ దగ్గర మరింత జాగ్రత్త. క్రియాటినిన్ రిపోర్టు చూడకుండా ఎవరు తొందరపెట్టినా సూది దగ్గరికి పోకు, డాక్టరుని పిలువు. కవిటి, కంచిలి, వజ్రపుకొత్తూరు అని ఊరి పేరు వినగానే ఆ రిపోర్టు అడిగే అలవాటు ఇప్పట్నుంచే చేసుకో. మన ఉద్దానంలో ఈ మూత్రపిండాల జబ్బు ఎందుకొస్తోందో పెద్ద పెద్దవాళ్ళు ఏళ్ళ తరబడి వెతుకుతున్నారు. వాళ్ళు తేల్చేలోగా మనం ఉన్న మూత్రపిండాన్ని పాడుచెయ్యకపోతే చాలు.

చాలా రాసేశాను. కళ్ళజోడు మార్చాలి, అక్షరాలు గీత దాటిపోతున్నాయి. నీకు కోపమొచ్చిందా? వస్తే రానీ. మీ నాన్నకి ఈ ఉత్తరం మొత్తం చదివి వినిపించు, మొదటి పేజీ రెండుసార్లు. వాణ్ణి నేను తిట్టలేదని చెప్పు. కూతురికోసం తోట తాకట్టు పెడతానన్నవాణ్ణి ఎలా తిడతాను? ఫీజుకి ఎంత తక్కువైతే అంత నేను చూస్తాను. దీని గురించి ఇంకెవరితోనూ అనొద్దు, ముఖ్యంగా పెద్దొదినతో.

వచ్చే శనివారం బయల్దేరి రా. పదో తరగతి, ఇంటర్ మార్కుల మెమోలు, టీసీ, కులం, ఆదాయం సర్టిఫికెట్లు, అన్నిటి జెరాక్సులూ తే. ఆధార్‌లో నీ ఇంటిపేరు ఒకలా, మెమోలో ఒకలా ఉందని మీ అన్న ఎప్పుడో అన్నాడు. దాన్ని టెక్కలిలో మీసేవకెళ్ళి ఈ వారంలోనే సరిచేయించు. కౌన్సెలింగు రోజున పరిగెత్తితే అవదు.

మీ అత్త.

తా.క.: మేకపిల్లకి ఇంకా పేరు పెట్టలేదన్నావు. "లక్ష్మి" వద్దు, మన వీధిలో ఇప్పటికే నలుగురున్నారు.