సంఘపు అప్పుల లెక్కకు కంప్యూటరు: నెలకొల్పునపుడు వచ్చు చిక్కులు, వాటి నివారణ

పొదుపు సంఘములు, పరస్పర సహాయక సహకార సంఘములు సభ్యుల పొదుపును, అప్పులను, వాయిదాలను కంప్యూటరుపై వ్రాసికొనుటకు ఉచితముగా లభించు సాఫ్ట్‌వేరులలో ఫినెరాక్ట్ ముఖ్యమైనది. గ్రామీణ్ ఫౌండేషన్ ప్రారంభించిన మిఫోస్ నుండి ఇది పుట్టినది. 2017 నుండి అపాచే సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌లో పూర్తిస్థాయి ప్రాజెక్టుగా ఉన్నది. దీని మూలము అందరికిని బహిరంగము; లైసెన్సు రుసుము లేదు. అయితే దీనిని సర్వర్‌పై నెలకొల్పు శ్రమ సంఘమే పడవలెను.

మొదటిసారి ఇది సరిగా లేవకపోవుట సాధారణము. అప్పుడు అంతయు తీసివేసి మరల పెట్టుచు పోయినచో రోజులు గడచునే గాని లోపము తెలియదు. పొలమునకు నీరు రానపుడు రైతు ముందు తూము చూచును, పిదప పిల్లకాలువ చూచును, తరువాత తన మడి చూచును. ఇక్కడను అట్లే వరుసగా చూడవలెను.

మూడు భాగములు

మొదటిది డేటాబేస్. ఇది ఖాతా పుస్తకములుంచు బీరువా వంటిది. సాధారణముగా మైఎస్‌క్యూఎల్ గాని, మరియాడీబీ గాని వాడుదురు. రెండవది ఫినెరాక్ట్ ప్రోగ్రాము. ఇది లెక్క వేయు గుమాస్తా, జావాపై నడుచును. మూడవది మనము చూచు తెర, అనగా బ్రౌజరులో తెరచు వెబ్ ప్రోగ్రాము. మొదటిది సరిగా లేనిదే రెండవది లేవదు. రెండవది లేవనిదే మూడవదానితో పనిలేదు.

ముందుగా లాగ్ చదువుడు

ఫినెరాక్ట్ తాను చేయు ప్రతి పనిని లాగ్ అను ఫైలులో వ్రాయుచుండును. పని ఆగినపుడు ఏ మార్పును చేయక ముందు ఈ ఫైలు చదువవలెను. చివర నున్న పెద్ద దోష పట్టికను చూచి బెదరనక్కరలేదు. మొట్టమొదట కనబడిన దోషమే తరచు అసలు కారణము. తక్కినవి తరచు దాని వెంట వచ్చినవే. సాధారణముగా కనబడు మాటలు, వాటి అర్థములు ఇవి:

1. ‘కనెక్షన్ రెఫ్యూజ్డ్’: డేటాబేస్ నడచుట లేదు, లేక దాని చిరునామా గాని పోర్టు సంఖ్య గాని తప్పు. మైఎస్‌క్యూఎల్‌కు మామూలు పోర్టు 3306.

2. ‘యాక్సెస్ డినైడ్’: డేటాబేస్ వాడుకరి పేరు లేక పాస్‌వర్డు తప్పు. ఈ పాస్‌వర్డు రెండు చోట్ల ఉండునని మరువరాదు. ఒకటి ప్రోగ్రామునకిచ్చిన అమరికలలోను, రెండవది సంస్థల వివరములుంచు డేటాబేసులోను ఉండును. ఒక చోట మార్చి రెండవ చోట మరచినచో ఈ దోషమే వచ్చును.

3. ‘అన్‌నోన్ డేటాబేస్’: ఫినెరాక్ట్ పట్టికలను తానే తయారు చేసికొనును గాని, ఖాళీ డేటాబేసులు రెండును మనమే ముందుగా సృష్టించి యుంచవలెను. వాటి పేర్లు ‘ఫినెరాక్ట్_టెనెంట్స్’, ‘ఫినెరాక్ట్_డిఫాల్ట్’. పేరులో ఒక్క అక్షరము తేడా యున్నను పనిచేయదు.

4. ‘అన్‌సపోర్టెడ్ క్లాస్ వెర్షన్’: యంత్రముపై నున్న జావా పాతది. మీరు దింపుకొన్న విడుదల ఏ జావా కోరునో దానితో వచ్చిన సూచనలలో చూచి అదే పెట్టవలెను.

5. ‘పోర్ట్ 8443 ఆల్‌రెడీ ఇన్ యూజ్’: ఆ ద్వారమును వేరొక ప్రోగ్రాము వాడుచున్నది. తరచుగా అది మనము ముందు నడిపి, ఆపక వదలిన ఫినెరాక్టే అగును.

6. ‘వెయిటింగ్ ఫర్ చేంజ్‌లాగ్ లాక్’: పట్టికలు తయారగుచుండగా మధ్యలో కరెంటు పోయినను, ఎవరైన ఆపినను తాళము పడి యుండును. సభ్యుల లెక్కలు ఇంకను ఎక్కించని క్రొత్త యంత్రమైనచో రెండు డేటాబేసులను తొలగించి మరల సృష్టించుట సులువు. లెక్కలున్నచో ఆ పని ఎట్టి పరిస్థితిలోను చేయరాదు. ముందు బ్యాకప్ తీసి, తెలిసినవారిచే తాళము మాత్రమే తీయించవలెను.

లాగ్ ఏ దోషమును చెప్పక హఠాత్తుగా తెగిపోయినచో మెమొరీ చాలక లైనక్స్ ప్రోగ్రామును ఆపివేసి యుండవచ్చును. లైనక్స్ సొంత లాగ్‌లో ఆ సంగతి కనబడును.

లాగిన్ కాకున్నచో

ప్రోగ్రాము లేచినది, తెర వచ్చినది, లాగిన్ మాత్రము కాలేదనుకొనుడు. మీరు మీట నొక్కినపుడు ఆ పిలుపు సర్వర్‌కు చేరినదా లేదా అని చూడుడు. చేరనిచో చిరునామా తప్పై యుండును, లేక సర్వర్ ఫైర్‌వాల్ 8443 ద్వారమును మూసి యుండును, లేక సర్వర్ తానే వ్రాసికొన్న ధ్రువపత్రమును బ్రౌజరు నమ్మకుండును. పరీక్షకైనచో సర్వర్ చిరునామాను నేరుగా బ్రౌజరులో తెరచి, హెచ్చరికను అంగీకరింపవచ్చును. వాడకమునకు మాత్రము సరియైన ధ్రువపత్రము తెచ్చి పెట్టవలెను. పిలుపు చేరియు తిరస్కరింపబడినచో సంస్థ పేరు గాని, వాడుకరి పేరు గాని, పాస్‌వర్డు గాని తప్పని తెలియును.

లెక్క సరిచూచుట

తెర తెరచుకొన్నంత మాత్రమున పని ముగియలేదు. సభ్యుల డబ్బుకు అసలు ప్రమాదము ఇక్కడనే కలదు. వడ్డీ పద్ధతి తప్పుగా నెంచినచో ఏ దోషమును కనబడదు. యంత్రము నిశ్శబ్దముగా తప్పు లెక్క వేయుచు పోవును.

కాబట్టి ఒక అప్పును చేతితో లెక్కవేసి పోల్చుడు. 12,000 రూపాయలు, 12 నెలలు, సాలుకు నూటికి 12 వడ్డీ, నెలకు 1,000 అసలు చెల్లింపు. నిలువయున్న అసలుపై వడ్డీ అయినచో మొదటి నెల 120, రెండవ నెల 110, చివరి నెల 10. మొత్తము 780 రూపాయలు. తొలి మొత్తముపైననే వడ్డీ అని పెట్టినచో 1,440 రూపాయలగును. ఒక్క అమరిక తేడాచే సభ్యుడు 660 రూపాయలు అధికముగా కట్టవలసి వచ్చును. మొదటి నెల 120కి బదులు 122 రూపాయల 30 పైసలు కనబడినచో యంత్రము 31 దినములకు, 365 దినముల సంవత్సరముపై లెక్కించుచున్నదన్నమాట. మీ సంఘపు తీర్మానము ఏ పద్ధతిని చెప్పునో దానినే అమర్చవలెను. సంస్థ కాలమండలము ‘ఆసియా/కోల్‌కతా’ అని యున్నదో లేదో కూడ చూడుడు. లేనిచో వాయిదా తేదీలు ఒక దినము అటునిటు కావచ్చును.

తప్పనిసరి జాగ్రత్తలు

- ‘మిఫోస్’ అను తొలి వాడుకరికి ‘పాస్‌వర్డ్’ అనునదే పాస్‌వర్డు. ఇది లోకమందరికి తెలిసినది. మొదటి దినముననే మార్చుడు.
- డేటాబేస్ పోర్టు 3306ను ఇంటర్నెట్‌కు తెరచి యుంచకుడు.
- ప్రతిదినము బ్యాకప్ తీసి వేరొక చోట నుంచుడు. నెలకొకసారి దానిని మరొక యంత్రముపై ఎక్కించి, నిలువలు సరిపోవుచున్నవో లేదో చూడుడు. తిరిగి ఎక్కించి చూడని బ్యాకప్‌ను నమ్మరాదు.
- తొలి మూడు నెలలు చేతి చిట్టా కూడ వ్రాయుచు, ప్రతి సమావేశమునాడు రెండింటిని పోల్చుడు.
- చేసిన ప్రతి మార్పును తేదీతో ఒక పుస్తకములో వ్రాయుడు. పని తెలిసిన కుర్రవాడు ఊరు విడిచినను సంఘము నిలువవలెను గదా!

లాగ్ చదువుట, వరుసగా చూచుట, ఒకసారి ఒక్క మార్పే చేయుట, లెక్కను చేతితో సరిచూచుట: ఈ నాలుగింటిని పాటించినచో సభ్యుని పాసుపుస్తకములో వ్రాసిన అంకెకును యంత్రములోని అంకెకును తేడా రాదు.