త్రాగునీటిలో పురుగుమందులు: వెండి కణముల వడపోత

నీటిని కాచి త్రాగవలెనని చిరకాలముగా చెప్పుచున్నాము. కలరా, టైఫాయిడు కలిగించు సూక్ష్మజీవులు మరుగు నీటిలో చచ్చును గనుక ఆ మాట నేటికిని సత్యమే. కాని పొలములపై చల్లిన పురుగుమందు వాననీటితో బావులకును చెరువులకును చేరినప్పుడు కాచుట వలన ప్రయోజనము స్వల్పము. ఆవిరితో పోని మందైనచో, నీరు ఇగిరిన కొలది మిగిలిన నీటిలో దాని పాలు హెచ్చును. క్లోరిను మాటయు అంతే. క్లోర్‌పైరిఫాస్ వంటి మందును అది మరింత విషకరమైన రూపమునకు మార్చగలదు.

2003లో మన దేశమున సీసాలలో అమ్ము నీటియందే పురుగుమందుల శేషములు కనబడినవి. పిమ్మట అట్టి నీటిలో ఏ ఒక్క మందైనను లీటరునకు 0.1 మైక్రోగ్రాము, అన్నియు కలిసి 0.5 మైక్రోగ్రాము మించరాదని నియమము ఏర్పడినది. మైక్రోగ్రామనగా గ్రాములో పది లక్షలవ వంతు. ఇంత స్వల్పమైన దానిని నీటినుండి వేరుచేయుట ఎట్లు?

ఇందులకు మొదటి సాధనము బొగ్గు. ఇసుక, బొగ్గు వేసిన కుండల వడపోత మన పల్లెలకు క్రొత్త కాదు. కొబ్బరి చిప్పలను కాల్చి, ఆవిరితో సిద్ధపరచిన ఉత్తేజిత బొగ్గు అంతకంటె మిక్కిలి శక్తిమంతమైనది. దాని సూక్ష్మరంధ్రముల గోడలన్నియు పరచినచో ఒక్క గ్రాము బొగ్గునకు సుమారు 1000 చదరపు మీటర్ల వైశాల్యముండును. అనగా పావు ఎకరము! మందు ఆ గోడలకు అంటుకొనును. అయితే నీటిలో కలిసిన ఆకు అలముల సారమును అచ్చటనే చోటు నాక్రమించును. నిండిన బొగ్గు చూపులకు క్రొత్త బొగ్గు వలెనే యుండుట పెద్ద చిక్కు.

ఐ.ఐ.టి. మద్రాసులో ఆచార్య తలప్పిల్ ప్రదీప్, ఆయన శిష్యులు వేరొక మార్గము చూపిరి. వెండి గిన్నె గాలిలో నల్లబడుట మన గృహిణు లెరిగినదే. గాలిలోని గంధక సమ్మేళనములను వెండి పట్టుకొనుటయే అందులకు కారణము. మలాథియాన్, క్లోర్‌పైరిఫాస్ మందులలోను గంధకమున్నది. వెండిని మీటరులో నూరుకోట్లవ వంతును కొలతగా తీసికొని చెప్పవలసినంత సూక్ష్మ కణములుగా చేసి, అల్యూమినా పలుకులకు అంటించి, వానిమీదుగా నీటిని పారించినచో ఆ మందులు వెండికి చిక్కుకొనును. ఈ పద్ధతి 2007లో ఇండ్లలో వాడు వడపోత యంత్రముగా బజారుకు వచ్చినది.

వెండి కణములకును హద్దు కలదు. అవియు కొంత కాలమునకు నిండును. కణములు ఊడి నీటిలో కలియకుండ బిగించుట తయారీదారుల బాధ్యత. నీటి రుచిని నమ్మక, యంత్రముపై వ్రాసిన లీటర్ల లెక్క ప్రకారము కార్ట్రిడ్జిని మార్చవలెను. పొలముల నడుమనున్న బావి నీటిని ప్రయోగశాలలో పరీక్ష చేయించుట మేలు. మందు చల్లిన స్ప్రేయరును బావి గట్టున కడుగరాదు. వాడిన కార్ట్రిడ్జిని చెరువులో పారవేయరాదు. అది పట్టిన విషము ఇంకను అందే యున్నది.